అమ్మీ, సంఘం చేత పాడించు

జమ్మలమడుగు

అమ్మీ,

నీకు అత్త వందనాలు. కర్నూలులో మీ చర్చిలో ఆదివారం పాటల బాధ్యత నీకు అప్పగించారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. పక్కింటి వాళ్లకు చెప్పాను, స్త్రీల సమాజంలో చెప్పాను, చివరికి పాలు పోసే ఆయనకూ చెప్పాను. సంతోషం అంత ఉంది. ఆ వెంటనే మీ అమ్మ ఇంకో మాట చెప్పింది. పాటల పుస్తకాలు బీరువాలో సర్దేసి, కీబోర్డు, గిటారు, డ్రమ్స్ పెట్టుకుని అన్నీ కొత్త పాటలే పాడాలని, పదాలు తెర మీద వేయాలని మీ పిల్లలంతా కూర్చుని అనుకున్నారట. ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం. ఫోన్లో అయితే నువ్వు "సరే అత్తా, సరే అత్తా" అని పెట్టేస్తావు.

నీకు తెలిసినవి ముందు చెప్పేస్తాను. ఆరాధనకు అరగంట ముందే వెళ్లు. ఆ వారం వాక్యభాగం ఏమిటో శుక్రవారమే పాస్టరు అయ్యగారిని అడుగు. మైకు ముందే చూసుకో. శనివారం ప్రాక్టీసు ఎగ్గొట్టిన వాడికి ఆదివారం మైకు ఇవ్వకు, వాడు ఎంత బాగా పాడినా సరే.

కొత్త పాటలంటే నాకు కోపమని అనుకోవద్దు. "యెహోవామీద క్రొత్త కీర్తన పాడుడి" అని కీర్తనల గ్రంథమే చెబుతోంది. మనం పాతవి అనుకునేవన్నీ ఒకప్పుడు కొత్తవే కదా. పురుషోత్తమ చౌదరిగారు 1803లో పుట్టి 1890లో కన్నుమూశారు. తెలుగులో రాగం, తాళం కట్టి యేసుప్రభువు మీద కీర్తనలు రాశారు. దొరలు తెచ్చిన ఇంగ్లీషు ట్యూన్లలో తెలుగు మాటలను ఇరికించి పాడుకుంటున్న కాలంలో, హరికథలు, భజనలు వింటూ పెరిగిన మన వాళ్లకు ఆ కీర్తనలు ఎంత కొత్తగా తగిలి ఉంటాయో ఆలోచించు. నా చిన్నప్పుడు భక్త సింగ్ గారి హెబ్రోను సంఘాల పాటలు మన వైపు వచ్చినప్పుడు కూడా "ఇవేం పాటలు" అన్న పెద్దలున్నారు. ఇప్పుడు అవే పాటలు వాళ్ల మనవళ్లకు కంఠతా వచ్చు. కాబట్టి కొత్త పాట తెచ్చినందుకు నిన్ను ఎవరైనా తిడితే నేనే వచ్చి నీ పక్కన నిలబడతాను. నా భయం వేరే.

మీ నాయన నీకు ఈ సంగతి చెప్పి ఉండడు. మొన్న వాడికి ఫోన్ చేసి, పిల్లకు రాయమంటావా అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "రాయక్కా, అది నాలాగా చేయకూడదు" అన్నాడు.

నువ్వు పుట్టకముందు మాట. మీ నాయనకు పెళ్లి కాలేదు. చీటీ పాడి ఆ డబ్బుతో గుడికి ఒక కీబోర్డు కొన్నాడు. మన వీధిలో అదే మొదటిది. వాడి గొంతు నీకు తెలుసు, ఇప్పటికీ పైకి వెళితే గంట కొట్టినట్టుంటుంది. క్యాసెట్ల నుంచి వారానికి రెండు కొత్త పాటలు దింపేవాడు. క్యాసెట్లో పాడినవాడు ఏ శ్రుతిలో పాడితే అదే శ్రుతి. స్టూడియోలో పాడేవాళ్లు ఎంత పైన పాడతారో, మన గుడిలో చాప మీద కూర్చున్న ముసలమ్మ కూడా అంత పైన పాడాలి. మొదట్లో అందరూ ప్రయత్నం చేశారు. తర్వాత ఆడవాళ్లు పల్లవి వరకే పాడి చరణానికి ఆగిపోయేవాళ్లు. ఆ తర్వాత పల్లవి కూడా మానేసి చప్పట్లు కొట్టేవాళ్లు. ఎవరూ ఏమీ అనలేదు, ఎందుకంటే వాడు నిజంగా బాగా పాడేవాడు. పక్క ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు "మీ గుడిలో పాటలు బ్రహ్మాండం" అని వెళ్లేవాళ్లు. పాటల పుస్తకాలు రేకు పెట్టెలోకి వెళ్లాయి. అలా కొన్నేళ్లు గడిచాయి.

ఒక ఎండాకాలంలో మా జేజి పోయింది. నీకు ముత్తవ్వ అవుతుంది. చదువు రాదు. కానీ కీర్తనలు ఎన్ని వచ్చునో ఆమెకే తెలియదు. ఏ ఇంట్లో చావు జరిగినా రాత్రంతా కూర్చుని పాడేది. ఆ ఇంటివాళ్లు మనతో మాట్లాడుతున్నారా లేదా అని చూసేది కాదు. సాయంత్రం సమాధుల దొడ్డికి తీసుకెళ్లాం. అయ్యగారు వాక్యం చదివి, ఒక పాట పాడదాం అన్నారు. అందరూ మీ నాయన వైపు చూశారు. వాడు ప్రతి ఆదివారం పాడే పాటే ఎత్తుకున్నాడు, ప్రతి ఆదివారం పాడే శ్రుతిలోనే. పల్లవికి నలుగురు కలిశారు. చరణంలో పైకి వెళ్లే చోట వాడి గొంతు ఏడుపుతో పూడుకుపోయింది. వెనక ఎవరైనా అందుకుంటే పాట నడిచేది. ఎవరికీ ఆ చరణం రాదు. ఇన్నేళ్లూ విన్నారే గానీ పాడలేదు కదా. ఒక పెద్దాయన పాత కీర్తన మొదలుపెట్టాడు. ముసలివాళ్లు పల్లవి అందుకున్నారు, కుర్రకారుకు అది తెలియదు. అందరి ముందూ ఒక్క పుస్తకం లేదు. రెండు వరుసలు పాడి అదీ ఆగింది. మీ నాయన చెయ్యి మాత్రం తొడ మీద తాళం వేస్తూనే ఉంది. పాట ఆగిపోయిందని ఆ చేతికి ఇంకా తెలియనట్టుంది. అయ్యగారు ప్రార్థన చేసి ముగించారు. ఊరందరి చావుకూ పాడిన మనిషిని మేము పాట లేకుండా మన్ను కప్పి వచ్చాం.

అమ్మీ, వాడిని తప్పు పట్టడానికి ఇది రాయడం లేదు. వాడు దేవుని పని ఎంత ఇష్టంగా చేశాడో నేను కళ్లారా చూశాను. కానీ ఆ సాయంత్రం తలచుకుంటే ఇప్పటికీ నాకు గుండె బరువెక్కుతుంది. నీ చేతిలో కీబోర్డు పెట్టారని వినగానే నాకు మొదట గుర్తొచ్చింది ఆ మన్ను చప్పుడే.

తర్వాత వాడు ఏం చేశాడో కూడా విను, నీకు పనికొచ్చేది అదే. రేకు పెట్టె తెరిచి, చెదలు తిన్నవి తిన్నట్టే పుస్తకాలు బయటికి తీశాడు. ఆ తర్వాతి ఆదివారం స్టేజీ మీద నిలబడకుండా కింద చాప మీద ముసలివాళ్ల మధ్య కూర్చున్నాడు. పక్కనున్న ముసలమ్మతో "అవ్వా, నువ్వు ఎత్తుకో" అన్నాడు. ఆమె తన గొంతులో, తనకు వీలైన చోట ఎత్తుకుంది. వాడు ఆ శ్రుతిని కీబోర్డు మీద వెతుక్కున్నాడు. తాను ఇన్నాళ్లూ వాయించిన దానికన్నా ఎంతో కింద ఉంది.

నువ్వూ అలాగే చెయ్యి. మీ గుడిలో వెనక వరుసలో కూర్చునే ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లను శనివారం పిలిపించి వాళ్ల చేత మొదలుపెట్టించు. కీబోర్డులో శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్ మీట ఉన్నది అందుకే. పాట మొత్తంలో అన్నిటికన్నా పైన ఉండే స్వరం ఎక్కడుందో ముందు చూడు. ఆడవాళ్లకు అది పై డి (D) దాటకుండా చూసుకో, మహా అయితే ఈ (E). మగవాళ్లు అదే స్వరాన్ని ఒక స్థాయి కింద పాడుకుంటారు. పల్లవి మరీ కిందికి పోతోందని మీ గిటారు అబ్బాయి గొణుగుతాడు. గొణగనీ. పొద్దున ఎనిమిదింటికి గొంతు లేవదు, పది గంటలకు కొంచెం నయం, అది కూడా లెక్కలో పెట్టుకో.

ఇంకో సంగతి తాళం. మన కీర్తనల పుస్తకంలో పాట పైన రాగం, తాళం అచ్చు వేసి ఉంటాయి, చూశావా? ఈ కాలం పిల్లలు ఆ వరుస చదవరు. కీబోర్డులో ఏదో రిథమ్ నొక్కి దాని మీద పాట వేసేస్తారు. ఆదితాళం పాటకు నాలుగు దెబ్బల రిథమ్ సరిపోతుంది. రూపకం ఆరు అక్షరాలు, అంటే ఆరు లెక్కలు, మూడు దెబ్బలదో ఆరు దెబ్బలదో పెడితే నడుస్తుంది. త్రిపుట దగ్గరే వస్తుంది చిక్కు. అది ఏడు అక్షరాలు, మూడూ నాలుగూ. నాలుగు దెబ్బల రిథమ్ పెడితే తాళం తిరిగే ప్రతి చుట్టుకీ ఒక అక్షరం ఎక్కువవుతుంది. దాన్ని నింపడానికి మాటను సాగదీస్తారు, పాట ఈడ్చినట్టు అవుతుంది, అప్పుడు "పాత పాటలు నిద్ర తెప్పిస్తాయి" అంటారు. పాటలో నిద్ర లేదు, ఆ రిథమ్‌లో ఉంది. త్రిపుట పాటకు రిథమ్ ఆపేసి ఒక కంజీర, ఒక జత తాళాలు చాలు. మీ డ్రమ్స్ అబ్బాయిని నా దగ్గరికి పంపు, ఒక్క పూటలో చేతికి ఎక్కిస్తాను. పిల్లవాడికి ఉగ్గాని చేసి పెడతాను.

తెర గురించి నేను వద్దనను. అద్దాలు మర్చిపోయి వచ్చేవాళ్లకు అది మేలే. అక్షరాలు పెద్దవి పెట్టు. వరుసను మాట మధ్యలో విరగ్గొట్టొద్దు. "స్తుతి" అని సరిగ్గా ఉందో "స్థుతి" అని ఉందో నువ్వే చూడు, ఎవరో ఫోన్లో పంపిన దాన్ని అలాగే అతికించొద్దు. పిల్లలు ఆ తప్పులనే నేర్చుకుంటారు. అన్నిటికన్నా ముఖ్యం, తెర ఉన్నా చరణం మొదటి మాటను నువ్వు ముందే అందించు. ఒక్క క్షణం ముందు, గట్టిగా, మామూలు మాటలా. చదువు రానివాళ్లు మీ గుడిలో ఇంకా ఉన్నారు. వాళ్లకు తెర నువ్వే.

కొత్త పాట ఏదైనా తెచ్చేముందు ట్యూన్ పక్కన పెట్టి మాటలు చదువు. "ఆత్మతో పాడుదును, మనస్సుతోను పాడుదును" అని పౌలుగారు కొరింథీయులకు రాశాడు. మాటలు చదివితే అది ఎవరి గురించో తెలియాలి. దేవుని పేరు తీసేసి సినిమాలో పెట్టినా సరిపోయే పాటలు కొన్ని వస్తున్నాయి, వాటి జోలికి పోకు. అన్నీ "నేను, నాకు" అనేవే ఉంటే పక్కన "మనం, మనకు" అనే పాట ఒకటి చేర్చు. సంఘంగా కూర్చున్నాం కదా. నెలకు ఒక కొత్త పాట చాలు. ఒకటే పాటను వరసగా మూడు ఆదివారాలు పాడించు, నాలుగో ఆదివారం నువ్వు మధ్యలో గొంతు ఆపి చూడు. వాళ్లు నడిపిస్తే అది వాళ్లదయినట్టు.

కర్నూలులో ఒక జాగ్రత్త ఉంది. మనది లండన్ మిషన్ వాళ్ల ఊరు, 1822లో వాళ్లు కడపలో పని మొదలుపెట్టారు. కర్నూలులో అమెరికన్ బాప్తిస్టు వాళ్లు పనిచేశారు, నంద్యాలలో ఆంగ్లికన్ల పద్ధతి. 1947లో కొన్ని మిషన్ల సంఘాలు కలిసి దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) ఏర్పడినా నంద్యాల వాళ్లు అందులో కలిసింది చాలా ఏళ్ల తర్వాత. అందుకే ఒకటే కీర్తన ఒక్కో ఊళ్లో ఒక్కో నడకలో ఉంటుంది. "మా జమ్మలమడుగులో ఇలా పాడరు" అని అక్కడివాళ్లను దిద్దబోకు. వాళ్ల తాతలు పాడిన నడక అది. ముందు నేర్చుకో.

ఇప్పుడు కొంచెం తిడతాను, ఏమనుకోకు. మొన్న నువ్వు పంపిన వీడియో చూశాను. పాట మొత్తం కళ్లు మూసుకునే పాడావు. నీకూ ప్రభువుకూ మధ్య అది బాగుంది. కానీ ఎదుటి వాళ్లు ఎక్కడ ఆగిపోయారో నీకు కనిపించలేదు. రెండో చరణంలో ముందు వరుస ఆకుపచ్చ చీర ఆమె నోరు మూసేసింది, నేను చూశాను. కళ్లు తెరువు. ఇంకోటి, ఆ పై స్థాయిలో గొంతు చించుకుంటున్నావు. సోమవారం మాట రావడం లేదని మీ అమ్మ అంది. నీ గొంతు దేవుడిచ్చింది తల్లీ, దాన్ని రెండేళ్లలో ఖర్చు పెట్టేయొద్దు. నీకు మూడేళ్లప్పుడు నా ఒళ్లో కూర్చుని నేను ఆపిన చోట అందుకుని పాడేదానివి. ఆ గొంతు నాకు ఇంకా చెవిలో ఉంది.

చివరికి ఒకటి అడుగుతాను. ప్రభువు తాను అప్పగింపబడిన రాత్రి శిష్యులతో కలిసి "కీర్తన పాడి ఒలీవల కొండకు" వెళ్లాడని మత్తయి రాశాడు. ఆ చీకట్లో వాళ్ల చేతిలో పుస్తకం ఎక్కడిది? చిన్నప్పటి నుంచి నోటికి వచ్చినవే పాడి ఉంటారు. మీ సంఘానికి కూడా అలా పది పాటలు నోటికి రావాలి. పాతవి ఐదు, కొత్తవి ఐదు, నీ ఇష్టం. మొదటి నుంచి చివరి చరణం వరకు, కరెంటు లేకుండా, తెర లేకుండా, ఆసుపత్రి మంచం దగ్గర, సమాధి దగ్గర, నువ్వు లేకపోయినా సరే. నాకూ వయసు అయింది. నన్ను తీసుకెళ్లేనాడు స్పీకరులో పాట పెట్టొద్దని మీ నాయనకు చెప్పాను, నీకూ చెబుతున్నాను.

ఆ పది పాటల జాబితా రాసి, ఒక్కోదానికి ఏ శ్రుతి అనుకుంటున్నావో పక్కన వేసి వాట్సాప్‌లో పంపు. ఫోటో తీసి పంపినా చాలు, మీ మామ చదివి వినిపిస్తాడు. క్రిస్మస్‌కు వచ్చేటప్పుడు ఆ డ్రమ్స్ అబ్బాయిని వెంటబెట్టుకు రా. రైలులో పొద్దున చలిగా ఉంటుంది, మెడకు గుడ్డ చుట్టుకో.

ప్రేమతో,
నీ అత్త