క్రిస్టళ్లు రాలేదు, పంపిన భాగాలూ రాలేదు: దావా వేయవచ్చా?

ప్రశ్న: డాలస్ దగ్గర హెచ్‌1బీ వీసాపై ఉంటున్నాను. హామ్ (ఔత్సాహికుల) రేడియో లైసెన్సు ఉంది. మా క్లబ్బు రిపీటర్ (ఒక ఫ్రీక్వెన్సీపై అందుకున్న మాటను మరో ఫ్రీక్వెన్సీపై తిరిగి ప్రసారం చేసే యంత్రం) పాత జీఈ మాస్టర్ టూ రేడియో సెట్టు. దాని రెండు ఛానల్ ఎలిమెంట్లను (క్రిస్టళ్లు అమర్చే చిన్న భాగాలను) వేరే రాష్ట్రంలోని ఒక చిన్న వర్క్‌షాపుకు పంపి, కొత్త క్రిస్టళ్లు (ఫ్రీక్వెన్సీని నిర్ణయించే క్వార్ట్జ్ ముక్కలు) వేయమని నా క్రెడిట్ కార్డుతో ముందే డబ్బు కట్టాను. ఆరు వారాలన్నారు. మూడు నెలలైంది, ఫోను ఎత్తడం లేదు. రసీదు మీద ‘ప్రత్యేక తయారీ ఆర్డర్లు రద్దు కావు’ అని ఉంది. ఈలోగా ఒక మిత్రుడు 146.34, 146.94 మెగాహెర్ట్జ్ క్రిస్టళ్లున్న ఎలిమెంట్లు ఇస్తానంటున్నాడు. రిపీటర్‌ను ఆ జతకు మార్చుకోవచ్చా? దావా వేస్తే వీసాకు ఇబ్బందా?

సమాధానం: ముందు డబ్బు సంగతి పక్కన పెట్టి ఆ రెండు ఎలిమెంట్ల గురించి ఆలోచించండి. క్రిస్టల్ ఒక్కో ఫ్రీక్వెన్సీకి ఒక్కోటి కోయించుకోవలసిందే. మీ సెట్టు 146.94పై ప్రసారం చేయాలంటే 12.245 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ కావాలి, దాన్ని సర్క్యూట్ పన్నెండు రెట్లు చేస్తుంది. ఎండకూ చలికీ ఆ ఫ్రీక్వెన్సీ పక్కకు జరగకుండా సరిచూసేది ఎలిమెంట్. అందుకే రెంటినీ కలిపి సరిచేయించాలి. క్రిస్టల్ మళ్లీ చేయించుకోవచ్చు. ఎలిమెంటు పోతే పాత సెట్ల నుంచి ఏరుకోవడమే.

చట్టం దృష్టిలో కూడా మీ ఎలిమెంట్లు వేరు, క్రిస్టళ్లకు కట్టిన డబ్బు వేరు. మరమ్మతుకు ఇచ్చినంత మాత్రాన ఎలిమెంట్లపై హక్కు వర్క్‌షాపుకు పోదు. రేపు ఆ యజమాని దివాలా తీసినా అవి అతని ఆస్తిలో కలవవు. మీ డబ్బు మాత్రం అప్పులవాళ్ల వరుసలో నిలబడుతుంది. ఈ ఊహ ఊరికే రాలేదు. ఓక్లహోమా సిటీలోని ఇంటర్నేషనల్ క్రిస్టల్ లాంటి పేరున్న సంస్థే 2017లో మూతపడింది.

కాబట్టి ఈరోజే సర్టిఫైడ్ మెయిల్‌లో, అందినట్టు సంతకం తిరిగి వచ్చేలా ఉత్తరం పంపండి. ఎలిమెంట్ల మీది నంబర్లు, పార్సిల్ రసీదు, ఫోటో ఉంటే ఫోటో జతచేయండి. ‘పని అయినా కాకపోయినా మా రెండు ఎలిమెంట్లు పది రోజుల్లో తిరిగి పంపండి’ అన్నది ఒక పేరాలో, డబ్బు వాపసు అడగడం ఇంకో పేరాలో ఉండాలి. కలిపి రాస్తే ఒకదాని మీది తగువు రెండోదాన్ని ఆపుతుంది. ఎలిమెంట్లు క్లబ్బువైతే ఉత్తరంపై క్లబ్బు అధ్యక్షుడి సంతకమూ ఉండాలి. రాతపూర్వకంగా అడిగాక కూడా ఇవ్వకపోతే, పరాయి సొత్తు అట్టేపెట్టుకున్నందుకు విడిగా నష్టపరిహారం కోరవచ్చు.

ఇక డబ్బు. ఇంటర్నెట్, ఫోను, పోస్టు ద్వారా తీసుకున్న ఆర్డర్లకు ఎఫ్‌టీసీ (వినియోగదారుల రక్షణ చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ) నియమం ఒకటుంది. చెప్పిన గడువులో సరుకు పంపలేకపోతే కొత్త తేదీ చెప్పి, రద్దు చేసుకునే అవకాశం కొనుగోలుదారుకు ఇవ్వాలి. అదీ చేయకపోతే ఆర్డరు రద్దయినట్టే లెక్కించి డబ్బు వాపసు చేయాలి. ‘రద్దు కావు’ అన్న రసీదు వాక్యం దీన్ని దాటిపోలేదు. ఇది సరుకు కాదు, మరమ్మతు పని అని వాళ్లు వాదించవచ్చు. రసీదులో క్రిస్టళ్ల ధర విడిగా ఉంటే ఆ వాదన నిలవడం కష్టం. ఈ నియమం కింద మీరు నేరుగా దావా వేయలేరు, ఎఫ్‌టీసీకి ఫిర్యాదు మాత్రమే చేయగలరు. దావాకు రాష్ట్ర చట్టాన్నే ఆశ్రయించాలి.

అసలు పదునైన ఆయుధం మీ క్రెడిట్ కార్డు. సరుకు అందకపోవడం బిల్లింగ్ తప్పిదం కిందకు వస్తుంది. ఆ మొత్తం కనిపించిన మొదటి స్టేట్‌మెంట్ పంపిన నాటి నుంచి 60 రోజుల్లోగా బ్యాంకుకు ఉత్తరం చేరాలి. ఫోనులో చెప్పి ఊరుకుంటే చట్టం ఇచ్చే రక్షణ దక్కదు. మూడు నెలలైందంటున్నారు కనుక గడువు అంచున ఉన్నారో, దాటేశారో ఈ రాత్రే చూసుకోండి. దాటినా ఫిర్యాదు మానకండి, కార్డు సంస్థల సొంత నియమాల్లో ఇంకొంత వెసులుబాటు ఉండవచ్చు. టెక్సస్ జస్టిస్ కోర్టులో (చిన్న మొత్తాల దావాలు వినే కోర్టు) 20,000 డాలర్ల వరకు దావా వేయవచ్చు గానీ, వేరే రాష్ట్రపు వ్యాపారిని ఇక్కడికి రప్పించగలమా అన్నది వేరే పేచీ. రెండు క్రిస్టళ్ల కోసం ఆ తంటా వద్దంటాను.

మిత్రుడిచ్చే జత మాట. 146.34, 146.94 క్రిస్టళ్లు పాత డబ్బాల్లో దొరకడానికి కారణం ఒకప్పుడు దేశమంతా వాటినే వాడడం. అంటే మీ చుట్టుపక్కల ఆ జతపై ఇప్పటికే ఎవరో ఉండే అవకాశం ఎక్కువ. అమెరికా రేడియో నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ నియమాల్లో హామ్ రేడియోకు సంబంధించిన 97వ భాగం సమన్వయాన్ని (రిపీటర్లు ఒకదానికొకటి అడ్డురాకుండా ఫ్రీక్వెన్సీలు సర్దుకోవడాన్ని) తప్పనిసరి చేయలేదు. కానీ సమన్వయం లేని రిపీటర్ వల్ల, సమన్వయం ఉన్న రిపీటర్‌కు అంతరాయం కలిగితే సరిచేసే ప్రధాన బాధ్యత సమన్వయం లేనివాళ్లదే. టెక్సస్‌లో ఆ సమన్వయం పని టెక్సస్ వీహెచ్‌ఎఫ్-ఎఫ్ఎం సొసైటీది. వాళ్ల అనుమతి లేకుండా మార్చకండి. పోలీసులకో టాక్సీలకో తయారైన సెట్టును హామ్ బ్యాండుకు మార్చడం మాత్రం తప్పు కాదు. మార్చిన సెట్టును మళ్లీ వ్యాపార ఛానళ్లపై వాడితేనే చిక్కు.

వీసా విషయంలో బెంగ అక్కర్లేదు. మీ సొత్తు, మీ డబ్బు అడుగుతూ వాదిగా కోర్టుకెళ్లడం హెచ్‌1బీ షరతులకు అడ్డు కాదు. విదేశీ ప్రభుత్వ ప్రతినిధి కానంతవరకు హామ్ లైసెన్సుకు పౌరసత్వమూ అడగరు.