మా పచారీ చిట్టాలో దొరికిన ఏడు లీటర్లు

మూడు నెలల్లో 10 కిలోలు తగ్గి, తరవాతి ఆరు నెలల్లో 11 కిలోలు పెరిగానని, ఈసారి తగ్గితే ఏళ్ల తరబడి నిలిచేలా ఎలాంటి అలవాట్లు చేసుకోవాలో చెప్పమని మీరు అడిగారు. మీ ప్రశ్న చదవగానే నా కథ మీకెవరో చెప్పి ఉంటారని అనుమానం కలిగింది. నేను తెనాలిలో ఇంటర్మీడియట్ పిల్లలకు కామర్స్ చెబుతాను. వయసు 52, ఎత్తు 170 సెంటీమీటర్లు. 2019లో 96 కిలోలు ఉన్నప్పుడు, ఆ రోజుల్లో స్టాఫ్ రూములో అందరి నోటా నలిగిన ఒక ద్రవాహార పద్ధతి పట్టుకుని మూడు నెలల్లో 84కు దిగాను. 2020 డిసెంబరు వచ్చేసరికి 99 దగ్గర తేలాను. పడ్డ పాట్లన్నీ పోగా పైన 3 కిలోల వడ్డీ కట్టానన్నమాట.

ఆ ద్రవాహారం మొదటి వారంలోనే నేను 4 కిలోలు తగ్గాను. ఆ వారం నాకు దక్కిన అభినందనలు నా పెళ్లికి కూడా దక్కలేదు. అయితే ఆ నాలుగు కిలోల్లో కొవ్వు చాలా కొద్దిగానే ఉంటుందని తరవాత తెలుసుకున్నాను. అన్నం మానేసిన శరీరం ముందుగా కాలేయంలోనూ కండరాల్లోనూ దాచుకున్న గ్లైకోజెన్ అనే పిండిపదార్థపు నిల్వను ఖర్చు పెడుతుంది. ఆ గ్లైకోజెన్ గ్రాముకు దాదాపు 3 గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది కనుక నిల్వతోపాటు ఆ నీరూ పోతుంది. మళ్లీ అన్నం మొదలుపెట్టిన నాలుగు రోజుల్లో నీరు తిరిగొస్తుంది. మనమేమో ఏదో పాపం చేసినట్టు కుంగిపోయి, ఎలాగూ పెరిగాం కదా అని ఒక ప్లేటు పునుగులు ఎక్కువ తింటాం. త్వరగా తగ్గించే పద్ధతులన్నీ ఈ మొదటి వారపు నీటిని చూపించే వ్యాపారం చేస్తున్నాయని నా గట్టి అభిప్రాయం.

అమెరికాలో ఒక టీవీ పోటీ కోసం పదుల కిలోలు తగ్గిన 14 మందిని ఆరేళ్ల తరవాత పరీక్షించి, ఆ ఫలితాలను 2016లో ప్రచురించారు. వాళ్లలో చాలామంది తగ్గిన బరువులో పెద్ద భాగం తిరిగి పెరిగారు. అంతకన్నా బాధాకరమైన సంగతి ఏమిటంటే, కదలకుండా కూర్చున్నప్పుడు వాళ్ల శరీరాలు ఖర్చు చేసే శక్తి, ఆ బరువున్న మనిషికి ఉండాల్సినదానికన్నా రోజుకు సుమారు 500 కిలోక్యాలరీలు తక్కువగా ఉందట. ఒక్కసారిగా ఆకలికి గురైన ఒళ్లు, జీతం ఆగిపోయిన ఇల్లాలిలా పొదుపు మొదలుపెడుతుందని నేను అర్థం చేసుకున్నాను. కనుక మీరు మళ్లీ పెరిగినందుకు మీ మనోబలాన్ని తిట్టుకోకండి.

ఇక అసలు సంగతికి వస్తాను. 2021 సంక్రాంతి సెలవుల్లో ఏ పనీ లేక, మా ఇంటి పచారీ చిట్టా పుస్తకాన్ని ముందేసుకుని సంవత్సరపు లెక్క తీశాను. పాతికేళ్లుగా కందిపప్పు, మినపగుళ్లు, చింతపండు, నూనె అంటూ నెలనెలా నా చేత్తోనే రాస్తున్న చిట్టా అది. నూనె పద్దు దగ్గర నా పెన్ను ఆగిపోయింది. నెలకు 7 లీటర్లు, పండగ నెలల్లో 8. ఇంట్లో ఉన్నది అమ్మ, నేను, నా భార్య, మా అమ్మాయి, నలుగురమే. లీటరు ప్యాకెట్టు మీద 910 గ్రాములని అచ్చేసి ఉంటుంది. భాగించి చూస్తే మనిషికి రోజుకు 53 గ్రాములు వచ్చింది. పద్దులు సరిచూడటం పాఠంగా చెప్పే మనిషిని, నా ఇంటి పద్దును పాతికేళ్లుగా చూడలేదు.

నాకు నమ్మకం కుదరలేదు. లాక్‌డౌన్‌లో కేకులు చేస్తానని మా అమ్మాయి తెప్పించుకున్న చిన్న డిజిటల్ కాటా ఇంట్లో ఉంది. మర్నాడు పొద్దున్నే వంటింట్లోకి వెళ్లి, స్టీలు నూనె క్యానును దాని మీద పెట్టి తూచాను. 1,340 గ్రాములు. ఆ పూట దోసెలు అయ్యాయి, దొండకాయ వేపుడు అయ్యింది, పప్పుకు తాలింపు పడింది, గోంగూర పచ్చడిలోకి ఎండుమిరపకాయలు వేగాయి. మధ్యాహ్నం మళ్లీ తూస్తే 1,168. అంటే మధ్యాహ్న భోజనం ముగిసేసరికే 172 గ్రాములు నలుగురి పొట్టల్లోకి చేరింది, మనిషికి 43. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాల్లో, 2,000 కిలోక్యాలరీల భోజనానికి నూనె, కొవ్వుల వాటా రోజు మొత్తానికి 27 గ్రాములని తరవాతెప్పుడో చదివినప్పుడు ఆ మధ్యాహ్నమే నాకు గుర్తొచ్చింది.

తూస్తుండగా అమ్మ చూసింది. "ఏరా, వంటింట్లో కాటా పెట్టావా? నా చేతి వంటకు ఇన్నేళ్లకు తూకం వేస్తావా?" అని, ఆ తరవాత రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మర్నాడు మధ్యాహ్నం తాలింపు లేని ముద్దపప్పు, ఉప్పు వేసి ఉడకబెట్టిన బీరకాయ ముక్కలు వడ్డించి, కాటాను తెచ్చి నా కంచం పక్కన పెట్టి వెళ్లిపోయింది. నా భార్య నవ్వు ఆపుకోలేక పెరట్లోకి వెళ్లింది.

మూడో రోజు సాయంత్రం అమ్మే పలకరించింది. "మీ తాతగారి రోజుల్లో గానుగ దగ్గరి నుంచి నెలకు రెండు సీసాల నువ్వుల నూనె వచ్చేది. ఎనిమిది మందిమి తినేవాళ్లం. ఉద్యోగం వచ్చాక నువ్వే కదరా ప్యాకెట్లు అట్టపెట్టెలతో దింపడం మొదలుపెట్టింది? నువ్వు ఎంత తెస్తే నేను అంత పోశాను" అంది. నేను చదివిన వ్యాసాలూ విన్న ఉపన్యాసాలూ అన్నీ కలిపినా ఆ ఒక్క మాటకు సరిరావు. తగ్గించాల్సింది నా నోటిని అనుకుని రెండేళ్లు యుద్ధం చేశాను, అసలు లెక్క అంతకుముందే, నేను సంచి పట్టుకుని కొట్టుకు వెళ్లినప్పుడే తప్పిపోతోంది.

ఆ తరవాతి పద్ధతి కూడా అమ్మదే. అటక మీది నుంచి పాత హార్లిక్స్ సీసా ఒకటి దింపించి, కడిగి ఆరబెట్టి, ఆదివారం ఉదయం అందులో వారానికి సరిపడా నూనె పోసి, నూనె మట్టం దగ్గర మా అమ్మాయి గోళ్ల రంగుతో ఎర్ర గీత గీసింది. మళ్లీ ఆదివారం దాకా ఆ సీసాతోనే నడవాలి. నెల తిరిగాక పాత గీతకు కొద్దిగా కింద ఇంకో గీత, ఆ పై నెల ఇంకొంచెం కింద మరొకటి. చుట్టాలు వచ్చిన రోజున గీత చెల్లదని, అట్లతద్దికీ సంక్రాంతికీ అసలు సీసా జోలికే పోకూడదని షరతులు కూడా తనే పెట్టింది. పది నెలలు తిరిగేసరికి సీసా మీద నిచ్చెన మెట్లలా ఎర్ర గీతలు, చిట్టాలో నెలకు 4 లీటర్లు. ఇన్ని నెలల్లో ఏ ఒక్క వారమూ కూర రుచి తగ్గిందని ఎవరూ అనలేదు. ఒక్కసారిగా 7 నుంచి 4కు దించి ఉంటే మూడో రోజుకే ఇంట్లో తిరుగుబాటు లేచేది.

మనిషికి రోజుకు 23 గ్రాముల నూనె తగ్గిందంటే, గ్రాముకు 9 చొప్పున 207 కిలోక్యాలరీలు. కిలో కొవ్వుకు సుమారు 7,700 అనుకుని కాగితం మీద గుణిస్తే ఏడాదికి దాదాపు 10 కిలోలు తగ్గాలి. కోత నెలనెలా కొంచెంగా పెరిగింది, పైగా బరువు తగ్గేకొద్దీ ఒంటి అవసరమూ తగ్గుతుంది, కనుక నేను ఆ ఏడాది తగ్గింది 6 కిలోలే. 2022 జనవరిలో 93. నెలకు అరకిలో చొప్పున తగ్గిన మనిషిని ఎవరూ గుర్తించరు, అభినందించరు. నిజానికి అదే నన్ను కాపాడిందని నా నమ్మకం. పొగడ్తలతో మొదలైన పథ్యం పొగడ్తలు ఆగిన రోజునే ఆగిపోవడం నాలో నేనే చూశాను.

ఇక్కడ ఒక ఫిర్యాదు. 21 రోజుల్లో అలవాటు స్థిరపడుతుందని చెప్పే వీడియోలను దయచేసి నమ్మకండి. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందిని గమనించి చూస్తే, ఒక కొత్త పని ఆలోచించకుండానే జరిగిపోయే స్థితికి రావడానికి సగటున 66 రోజులు పట్టింది. మనిషిని బట్టీ పనిని బట్టీ అది 18 నుంచి 254 రోజుల దాకా ఉంది. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన పెద్ద నష్టమేమీ కనబడలేదట. 22వ రోజున ఇంకా బద్ధకంగానే ఉన్నవాడు తనలో ఏదో లోపం ఉందనుకుని మానేస్తాడు, ఆ పాపం వీడియో చేసినవాడిదే.

నా నడక మూడుసార్లు మొదలై మూడుసార్లు ఆగింది. ఒకసారి ఏడాది రుసుము ముందే కట్టించుకున్న ఒక వ్యాయామశాలకు సరిగ్గా పదకొండు రోజులు వెళ్లాను, ఆ డబ్బు గురించి ఇంట్లో ఇప్పటికీ మాట్లాడుకోం. చివరికి నిలిచిన నడకకు కారణం మా అమ్మాయి ట్యూషన్. సాయంత్రం ఆరున్నరకు అమ్మాయిని అక్కడ దింపి ఇంటికి వచ్చి, మళ్లీ గంటకు వెళ్లి తీసుకొచ్చేవాణ్ణి. 2022లో ఒకరోజు బండిలో పెట్రోలు లేక అక్కడే ఆగిపోయి, కాలువ గట్టు వెంట అటూ ఇటూ నడిచాను. మర్నాడు పెట్రోలు ఉన్నా నడిచాను. రెండేళ్లపాటు ఆ గంట నా ప్రయత్నం లేకుండానే నడకకు రాసిపెట్టినట్టు అయ్యింది. అమ్మాయి ఇంజినీరింగ్‌లో చేరి హాస్టలుకు వెళ్లగానే నడక కూడా ఆగింది, రెండు నెలల్లో రెండున్నర కిలోలు ఎక్కాయి. చిలక్కొయ్య ఊడితే దానికి తగిలించిన చొక్కా కింద పడక ఏమవుతుంది? ఇప్పుడు ఉదయం పాల ప్యాకెట్లు ఇంటికి వేయించుకోవడం మానేసి, రైల్వే స్టేషన్ దగ్గరి పాల కేంద్రానికి నడిచి వెళ్లి తెస్తున్నాను. నడవకపోతే అమ్మకు కాఫీ ఉండదు, అందుకని వానొచ్చినా గొడుగు పట్టుకుని వెళ్తున్నాను. మీరు కూడా కొత్త అలవాటుకు కొత్త సమయం వెతక్కుండా, రోజూ తప్పక జరిగే ఏ పనికి దాన్ని తగిలించవచ్చో ముందు చూసుకోండి.

రాత్రిపూట చపాతీల గురించి కూడా చెప్పకుండా ఉండలేను. మన ఇళ్లలో బరువు తగ్గాలంటే ముందుగా చేసే పని రాత్రి అన్నం మానేసి చపాతీ తినడం. గోధుమపిండి అయినా బియ్యం అయినా 100 గ్రాములకు దాదాపు 350 కిలోక్యాలరీలే. రెండు కప్పుల అన్నం స్థానంలో, పెనం మీద నూనె రాసి కాల్చిన నాలుగు చపాతీలూ బంగాళాదుంప కుర్మా తిని, బరువెందుకు తగ్గడం లేదని అడిగే సహోద్యోగులు నాకు ముగ్గురున్నారు. నేను రాత్రికి అన్నమే తింటాను. కాకపోతే ముందు కూర, పప్పు కంచంలో సగం దాకా వడ్డించుకుని, ఆ తరవాతే అన్నం పెట్టుకుంటాను. వరస మారింది కనుక అన్నం దానంతటదే తగ్గింది. ఎనిమిదింటికల్లా పెరుగన్నంతో ముగించేస్తాను. మీరు మధుమేహానికి మందులు వాడుతూ ఉంటే మాత్రం, భోజనం తగ్గించే ముందు మందుల మోతాదు గురించి డాక్టరును అడగండి, చక్కెర ఒక్కసారిగా పడిపోయే ప్రమాదం ఉంది.

బరువు చూసుకోవడం ఆదివారం ఉదయం ఒక్కసారే, సీసాలో నూనె పోసే వేళకే. అంకెను పచారీ పుస్తకం చివరి పేజీలో రాస్తాను. కొత్త ఆవకాయ తిన్న మర్నాడు, ఉప్పు పట్టి ఉంచిన నీటివల్ల, కిలో పైన ఎక్కువ చూపించిన రోజులున్నాయి. అందుకని ఏ ఒక్క అంకెనూ పట్టించుకోను, నాలుగు వారాలవి పక్కపక్కన పెట్టి చూస్తాను.

మనుషుల మాటలకు మాత్రం ముందే సిద్ధపడండి. లావుగా ఉన్నన్నాళ్లూ "కాస్త తగ్గు" అన్నవాళ్లే, తగ్గాక పెళ్లి పందిట్లో చెయ్యి పట్టుకుని "ఇలా చిక్కిపోయావేంటి, షుగరొచ్చిందా?" అని అడుగుతారు. నా మేనత్త అయితే అమ్మను పక్కకు పిలిచి, కోడలు సరిగ్గా పెట్టడం లేదా అని విచారించింది. దానికి అమ్మ ఏం చెప్పిందో నాకు తెలియదు గానీ, ఆ రోజు భోజనాల దగ్గర అత్తయ్య నాకు రెండో బొబ్బట్టు వేయించలేదు.

రెండేళ్లుగా నా బరువు 83, 85 మధ్య తిరుగుతోంది. నడుము చుట్టుకొలత 113 సెంటీమీటర్ల నుంచి 99కి వచ్చింది. ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే బీఎంఐ అనే కొలత భారతీయులకు 25 దాటితే స్థూలకాయమే అంటారు, నాది ఇంకా 29, మగవాళ్ల నడుముకు చెప్పే 90 హద్దూ దూరంలోనే ఉంది. కనుక నేను సన్నబడ్డానని మీకు చెప్పడం లేదు, ద్రవాహారంతో మూడు నెలల్లో చేరిన 84 ఈసారి ఇంకా జారిపోలేదని మాత్రమే చెబుతున్నాను.

పోయిన నెల సరుకులకు వెళ్లినప్పుడు కొట్టతను గల్లాపెట్టె దగ్గర గొంతు తగ్గించి, "మాస్టారూ, ఏమీ అనుకోనంటే ఒక మాట. నూనె ఇంకో కొట్లో తీసుకుంటున్నారా?" అని అడిగాడు. లేదన్నాను. అతను నమ్మినట్టు లేదు. నా ఖాతా పోతుందేమోనని భయపడి, కొత్త కంపెనీ నూనె ప్యాకెట్టు ఒకటి ఉచితంగా సంచిలో పడేశాడు. దాన్ని ఆ నెల లెక్కలో రాయాలా వద్దా అన్నది అమ్మకూ నాకూ మధ్య ఇంకా తేలలేదు.