డబుల్స్‌కి మారితే అమ్మాయి కెరీర్ పోయినట్టేనా?

ప్రశ్న: మా అమ్మాయికి పదహారేళ్ళు. ఇంటర్ ఫస్టియర్, సీఈసీ. చిన్నప్పటి నుంచి బ్యాడ్మింటన్ ఆడుతోంది. సింగిల్స్‌లో స్టేట్ క్వార్టర్స్ దాటడం లేదు, డబుల్స్‌లో మాత్రం కిందటేడు స్టేట్ ఫైనల్ ఆడింది. ఇక పూర్తిగా డబుల్స్‌కి మార్చేద్దామని కోచ్ అంటున్నారు. పేరైనా డబ్బైనా సింగిల్స్‌లోనే అని నా అభిప్రాయం. అమ్మాయేమో ఇండోనేషియా ప్లేయర్ గ్రేసియా పోలీ వీడియోలు చూపించి, "ఆవిడ ముప్ఫై మూడేళ్ళకి ఒలింపిక్ గోల్డ్ కొట్టింది నాన్నా, నాకింకా బోలెడు టైముంది" అంటోంది. ఇంటర్ మానేసి పూర్తిగా ఆట మీదే ఉంటానంటోంది. అవసరమైతే ఇండోనేషియా పంపి ట్రైనింగ్ ఇప్పిద్దామని కూడా ఆలోచిస్తున్నాను. ఏం చేయమంటారు?
– ఓ తండ్రి, కాకినాడ

జవాబు: ముందు కోచ్ గారి మాట వినండి. సింగిల్స్‌లో క్వార్టర్స్ దగ్గరే ఆగిపోతూ డబుల్స్‌లో ఫైనల్ దాకా వెళ్ళిందంటే, తన బలం ఎక్కడుందో అమ్మాయి ఆటే చెబుతోంది. మీ బాధంతా "డబుల్స్ అంటే సింగిల్స్ కుదరనివాళ్ళు ఆడేది" అన్న భావన నుంచి వచ్చింది. మన దగ్గర చాలామంది తల్లిదండ్రులది ఇదే అభిప్రాయం. సైనా, సింధు తెచ్చిన వెలుగులో పక్క కోర్టు మనకు సరిగ్గా కనబడలేదు. అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ చిరాగ్ శెట్టితో కలిసి 2023లో ఏషియన్ గేమ్స్ స్వర్ణం, ఆ ఏటి ఖేల్‌రత్న తెచ్చుకున్నాక కూడా ఈ భావన పూర్తిగా పోలేదు. అమలాపురం మీకు ఎంతో దూరం కూడా కాదు.

మీ అమ్మాయి ఎంచుకున్న దేశంలో ఈ భావన లేదు. బ్యాడ్మింటన్‌లో ఇండోనేషియాకి ఇప్పటిదాకా 8 ఒలింపిక్ స్వర్ణాలు వస్తే, అందులో 5 డబుల్స్‌వే. జకార్తా తూర్పు వైపు చిపాయుంగ్‌లో వాళ్ళ జాతీయ శిబిరం ఉంది. అక్కడ ఐదు విభాగాలకూ (పురుషుల, మహిళల సింగిల్స్, పురుషుల, మహిళల డబుల్స్, మిక్స్‌డ్ డబుల్స్) వేర్వేరు కోచ్‌లు. ఏటా కొత్తవాళ్ళను తీసుకుంటారు, పనికిరారనుకున్నవాళ్ళను పంపించేస్తారు. అక్కడ డబుల్స్ విభాగంలో చోటు దొరకడమంటే ఇంట్లో పండగే.

గ్రేసియా సంగతి కాస్త వివరంగా చెబుతాను. మీ అమ్మాయి ఆ కథలో చివరి సీను మాత్రమే పట్టుకుంది.

ఆవిడ 1987లో జకార్తాలో పుట్టింది, పెరిగింది సులవేసి దీవిలోని మనాడోలో. ఆట కోసమే తల్లి ఆమెను మళ్ళీ జకార్తా తీసుకొచ్చి జయ రాయ క్లబ్‌లో చేర్చింది. చిన్న వయసులోనే ఆమెను డబుల్స్ వైపు తిప్పింది అక్కడి కోచే. మీ కోచ్ ఇప్పుడు చెబుతున్నదీ అదే. ఆమె టీనేజీలోనే జాతీయ శిబిరంలో ఉంది. ఆ తర్వాత పార్ట్‌నర్లు చాలామంది మారారు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మెయిలియానా జౌహారితో ఆడింది. ఆ ఏడాదే డబుల్స్‌లో గ్రూప్ దశ పెట్టారు. గ్రూప్‌లో ఓడితే తర్వాతి రౌండులో తేలిక ప్రత్యర్థి దొరుకుతుందన్న లెక్కతో నాలుగు జంటలు కావాలని ఓడిపోయేందుకు ఆడాయని తేల్చారు. సర్వీసులు నెట్‌కి కొట్టడం, షటిల్ బయటికి కొట్టడం ప్రపంచమంతా టీవీలో చూసింది. చైనా జంట ఒకటి, కొరియా జంటలు రెండు, ఇండోనేషియా జంట ఒకటి. మొత్తం ఎనిమిది మందిని ఒలింపిక్స్ నుంచి పంపించేశారు. అందులో గ్రేసియా ఒకరు. అప్పటికి ఆమెకు ఇంకా 25 నిండలేదు. అదే ఒలింపిక్స్‌లో మన గుత్తా జ్వాల, అశ్విని పొన్నప్ప వేరే గ్రూప్‌లో ఒక్క పాయింటు తేడాతో క్వార్టర్స్‌కి వెళ్ళలేకపోయారు. డబుల్స్‌లో మీ చేతిలో లేనివి ఎన్ని ఉంటాయో ఆ ఒక్క వారం చూస్తే చాలు.

తర్వాత నిత్యా కృషిందా మహేశ్వరితో జత కుదిరి, 2014లో ఇంచియాన్ ఏషియన్ గేమ్స్ స్వర్ణం వచ్చింది. 2016 రియోలో క్వార్టర్స్‌లో ఆగారు. ఆ తర్వాత నిత్యాకి మోకాలి గాయం. జంటలో ఒకరి మోకాలు పాడైతే ఇద్దరి కెరీరూ ఆగిపోతుంది. ఇక చాలు, ఆపేద్దామనుకుంది గ్రేసియా. కోచ్ ఎంగ్ హియాన్ కొన్నాళ్ళు ఆగమని, కుర్ర ప్లేయర్లను పైకి తెచ్చే పనిలో సాయపడమని అడిగాడు. 2017లో తనకన్నా పదేళ్ళకు పైగా చిన్నదైన అప్రియానీ రహాయుతో జత కట్టింది. కుర్రపిల్లకి ఆట నేర్పుదామని మొదలైన ఆ జోడీ అదే ఏడాది ఫ్రెంచ్ ఓపెన్ గెలిచింది.

టోక్యో ఫైనల్ 2021 ఆగస్టు 2న జరిగింది. ఎదుట చైనా జంట చెన్ చింగ్‌చెన్, జియా యీఫాన్. స్కోరు 21-19, 21-15. ఆ మ్యాచ్‌లో ఒక ర్యాలీ మీ అమ్మాయి చూసే ఉంటుంది, మీరూ ఒకసారి చూడండి. ర్యాలీ మధ్యలో గ్రేసియా రాకెట్ గట్ తెగింది. ఆవిడ కోర్టు పక్కకు పరిగెత్తి, బ్యాగ్‌లోంచి ఇంకో రాకెట్ లాక్కుని వెనక్కి వచ్చేసింది. అంతసేపూ అప్రియానీ ఒక్కతే కోర్టంతా కాచింది. మీ అమ్మాయి డబుల్స్‌కి సరిపోతుందా లేదా అన్నది స్మాష్ ఎంత గట్టిగా కొడుతుందన్నదాన్ని బట్టి కాదు, ఆ కొన్ని సెకన్లలో అప్రియానీ చేసిన పని చేయగలదా అన్నదాన్ని బట్టి చూడాలి. కోచ్ గారిని కూడా అదే అడగండి. పక్కమ్మాయి తప్పు చేసినప్పుడు మీ అమ్మాయి ముఖం ఎలా ఉంటుంది? సర్వీస్ రిసీవ్ చేసేటప్పుడు ముందుకు వస్తుందా, వెనక్కి తగ్గుతుందా? నెట్ దగ్గర చెయ్యి వేగంగా కదులుతుందా? ఈ మూడింటికీ ఆయన సమాధానం తృప్తిగా ఉంటే మార్చేయండి.

ఇక "ముప్ఫై మూడేళ్ళకి" అన్న మాట. లెక్క సరైనదే, ఇంకో తొమ్మిది రోజులుంటే ముప్ఫై నాలుగు నిండేవి. కానీ అన్నేళ్ళూ ఆవిడ అంతర్జాతీయ ఆటలోనే ఉంది, ఒలింపిక్స్‌కి వెళ్ళడం అది మూడోసారి. ఆలస్యంగా వచ్చింది పతకం. ఆట మొదలుపెట్టడం ఆలస్యం కాలేదు. కాబట్టి "బోలెడు టైముంది" అన్నది అమ్మాయికి వర్తించదు. నా లెక్కలో తనకున్నది రెండేళ్ళు. ఆలోగా అండర్-19 జాతీయ ర్యాంకింగ్ టోర్నీల్లో నిలకడగా క్వార్టర్స్‌కి చేరాలి. చేరకపోతే ఆట మానేయమని కాదు. ఆట మీద పెట్టే ఇంటి డబ్బుకి అక్కడ ఒక హద్దు గీయాలని.

డబ్బు గురించి మీ అనుమానం మాత్రం నిజమే. అంతర్జాతీయ పెద్ద టోర్నీల్లో సింగిల్స్ విజేతకి మొత్తం ప్రైజ్ మనీలో 7 శాతం వస్తే, డబుల్స్‌లో గెలిచిన జంటకి 7.4 శాతం వస్తుంది. అది జంటకి, తలా సగం పంచుకోవాలి. ర్యాంకు కూడా జంటదే. పార్ట్‌నర్ మారితే కొత్త జంట మళ్ళీ పాయింట్ల వేట మొదలుపెట్టాల్సిందే. టోక్యో స్వర్ణం తర్వాత ఇండోనేషియా ప్రభుత్వం గ్రేసియాకి, అప్రియానీకి తలా 550 కోట్ల రూపయ్యాలు (వాళ్ళ దేశపు కరెన్సీ) ఇచ్చింది. మన రూపాయల్లో రెండున్నర కోట్ల పైమాటే. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఆ డబ్బు కోసం ఎదురుచూసిన ఏళ్ళలో వాళ్ళను పోషించింది క్లబ్బు, జాతీయ శిబిరం. మన దగ్గర జాతీయ శిబిరానికి చేరేదాకా షటిళ్ళు, రైలు టికెట్లు, ఫిజియో ఫీజులు అన్నీ నాన్న జేబులోంచే. అది మీకు నేను చెప్పక్కర్లేదు.

అందుకే ఇంటర్ మానడానికి నేను ఒప్పుకోను. సీఈసీ తీసుకున్న పిల్లకి చదువు ఆటకి అడ్డొచ్చేంత భారం కాదు. హాజరు సమస్యైతే కాలేజీతో మాట్లాడండి, కుదరకపోతే ఓపెన్ స్కూల్ ఉంది. ఇంటర్ లేకపోతే డిగ్రీ లేదు, డిగ్రీ లేకపోతే స్పోర్ట్స్ కోటాలో ఎక్కే మెట్లు చాలా తగ్గిపోతాయి. రైల్వేలు, ఆయిల్ కంపెనీలు, ప్రభుత్వ శాఖల కోటా నోటిఫికేషన్లు తెప్పించుకుని చదవండి. అన్నిట్లోనూ వాళ్ళు ముందు అడిగేది ఏ స్థాయి పోటీలో ఏ స్థానం అని. నేషనల్స్‌లో డబుల్స్ పతకం తెచ్చిన పిల్ల, సింగిల్స్‌లో స్టేట్ క్వార్టర్స్ ఆడిన పిల్లకంటే ఆ వరసలో చాలా ముందుంటుంది. మీరు సింగిల్స్‌లోనే ఉంచాలనుకుంటున్నది ఉద్యోగం కోసమైతే, లెక్క తిరగబడింది.

రిటైరయ్యాక ఏం చేస్తుందన్నది మీరు అడగలేదు గానీ, మీ అమ్మాయి తప్పకుండా ఆలోచించాలి. డబుల్స్‌వాళ్ళ రెండో జీవితం చాలా బాగుంటుందని నా అభిప్రాయం. ఎంగ్ హియాన్, ఫ్లాండీ లింపెలె అని ఇద్దరు ఇండోనేషియన్లు 2004 ఏథెన్స్‌లో పురుషుల డబుల్స్ కాంస్యం గెలిచారు. అందులో ఎంగ్ హియాన్ తర్వాత కోచ్ అయ్యి గ్రేసియా, అప్రియానీలను స్వర్ణం దాకా నడిపించాడు. లింపెలె 2019లో భారత డబుల్స్ కోచ్‌గా హైదరాబాద్ వచ్చాడు. ఆ ఏడాదే సాత్విక్, చిరాగ్ థాయ్‌లాండ్ ఓపెన్ గెలిచారు. తర్వాత ఆయన్ని మలేషియా తీసుకెళ్ళింది. 1996 అట్లాంటాలో రికీ సుబాగ్జాతో స్వర్ణం గెలిచిన రెక్సీ మైనాకీ ఇంగ్లండ్, మలేషియా, థాయ్‌లాండ్ అంటూ ఎన్ని దేశాల్లో కోచింగ్ చేశాడో. మన దేశం డబుల్స్ కోచ్‌ల కోసం ఇప్పటికీ మలేషియా, ఇండోనేషియాల వైపే చూస్తోంది. అంటే ఇక్కడ కుర్చీ ఖాళీగా ఉంది. ఆడపిల్లలకి డబుల్స్ నేర్పే మహిళా కోచ్‌లు మరీ తక్కువ. డిగ్రీ చేసి, ఆడుతూనే నేషనల్స్ దాకా వెళ్ళి, పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ (ఎన్ఐఎస్)లో కోచింగ్ డిప్లొమా చేసిన అమ్మాయికి అకాడమీల్లో పనికి లోటుండదు. గ్రేసియా 2022 జూన్‌లో జకార్తా ఇస్తోరా స్టేడియంలో వీడ్కోలు తీసుకుంది. అప్పటికే ప్రపంచ బ్యాడ్మింటన్ సమాఖ్య అథ్లెట్ల కమిషన్‌కి అధ్యక్షురాలు. ఆడుతున్నప్పుడే ఆ కుర్చీలో కూర్చుంది. లండన్‌లో వేటుపడిన అమ్మాయి ఆటగాళ్ళ తరఫున మాట్లాడే స్థానానికి వచ్చిందంటే, పతకంకంటే అది నాకు పెద్ద విషయంగా అనిపిస్తుంది.

ఇండోనేషియా ప్రయాణం ఇప్పుడు వద్దు. చిపాయుంగ్ వాళ్ళ జాతీయ జట్టు శిబిరం, డబ్బు కట్టి చేరేది కాదు. విదేశీ పిల్లల్ని కొన్నాళ్ళపాటు చేర్చుకునే క్లబ్బులు అక్కడ ఉంటాయి, కానీ స్టేట్ స్థాయి పిల్ల రెండు వారాలు అక్కడ ఆడి వస్తే ఫొటోలు మిగులుతాయి. ఆ డబ్బుతో ఒక సీజన్ మొత్తం జాతీయ ర్యాంకింగ్ టోర్నీలు తిప్పొచ్చు. అదీ ఒకే పార్ట్‌నర్‌తో. ప్రతి టోర్నీకీ కొత్త అమ్మాయిని వెతకడం మన జిల్లాల్లో మామూలైపోయింది, దాంతో ఏ జంటా కుదురుకోదు. కాబట్టి ఈ నెలలో మీరు చేయాల్సిన మొదటి పని, మీ అమ్మాయి పార్ట్‌నర్ తల్లిదండ్రులతో కూర్చోవడం. వాళ్ళు కూడా కనీసం ఏడాదిన్నర నిలబడతారా, ఖర్చులు ఎలా పంచుకోవాలి, పరీక్షల సమయంలో ఏ టోర్నీలు వదిలేయాలి అన్నది ముందే మాట్లాడేసుకోండి. మాటల్లో తేడా రాకుండా ఆ కూర్చునేటప్పుడు కోచ్ గారిని కూడా పిలవండి. అమ్మాయిలిద్దరినీ తప్పకుండా కూర్చోబెట్టండి.