సీటు నంబర్ లేని టికెట్లతో ఆరుగురు కాశీకి

బుజ్జీ,

నీ మెసేజ్ చూశా. ఆరుగురికి విమానం టికెట్లు తీశాం పెద్దమ్మా, సీటు నంబర్ దగ్గర మాత్రం ఖాళీగా ఉంది, పక్కపక్కన కావాలంటే ఒక్కో సీటుకి డబ్బులు కట్టమంటున్నారు, అందరికీ రానూపోనూ లెక్కేస్తే ఇంకో టికెట్ ఖర్చు అవుతోంది, ఏం చేయమంటావ్ అని అడిగావు కదా. కంగారేం లేదు. ఎక్కిన వాళ్ళందరికీ సీటైతే ఉంటుంది, అది ఎక్కడ అనేదే తేలలేదు అంతే.

ముందు ఒక మాట చెప్పేస్తా, మిగతాదంతా దాని మీదే నడుస్తుంది. ఆరుగురూ ఒకచోటే కూర్చోవాలని పట్టు పట్టకు. రెండున్నర గంటల ప్రయాణం, అందులో మీ అత్తగారు మీ ఆయన పక్కన కూర్చుని మాట్లాడాల్సిన అర్జెంటు విషయాలేం ఉండవు, ఉన్నా ఇంట్లో మాట్లాడుకోవచ్చు. ఎవరి పక్కన ఎవరు తప్పకుండా ఉండాలి అనేది మాత్రం చూసుకో. మీ ఇంట్లో అలాంటి జతలు మూడే. మూడేళ్ళ చిన్నోడికి నువ్వు, ఏడేళ్ళ పాపకి వాళ్ళ నాన్న, మీ అత్తగారికి మామగారు. ఒక జత ఐదో వరసలో ఇంకో జత ఇరవై రెండో వరసలో ఉన్నా కొంపలేం మునిగిపోవు. ఆరు సీట్లు ఒక్కచోట దొరకడం గగనం గానీ రెండేసి సీట్లు దొరకడం అంత కష్టం కాదు.

ఈ గోల కొత్తదేం కాదు తెలుసా. 2003లో మన బెంగుళూరు నుంచే కెప్టెన్ గోపీనాథ్ గారి ఎయిర్ డెక్కన్ మొదలైనప్పుడు సీటు నంబరే ఉండేది కాదు, ఎవరు ముందెక్కితే వాళ్ళకి నచ్చిన సీటు, పాత హెచ్ఏఎల్ ఎయిర్‌పోర్టులో బస్సు దిగిన జనం మెట్ల దాకా పరుగే పరుగు. అమెరికాలో సౌత్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్ అయితే 1971లో మొదలైనప్పటి నుంచీ అదే పద్ధతి, కాకపోతే వాళ్ళు దానికో క్రమం పెట్టుకున్నారు. ఏ బీ సీ అని గుంపులు, గుంపులో నంబర్లు, ఆ నంబరున్న స్తంభం పక్కన నిలబడాలి. ఆరేళ్ళు, అంతకన్నా చిన్న పిల్లలున్న వాళ్ళని ఏ గుంపు అయ్యాక బీ గుంపుకి ముందు పిలిచేవాళ్ళు. మా అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పుడు మనవరాలితో అలా ఎక్కాం, నాకు నచ్చింది నిజానికి, ఎందుకంటే వెనక వరసలు ఖాళీగా ఉండేవి, పిల్లలున్న వాళ్ళు మొహమాటం లేకుండా తిన్నగా వెనక్కి పోతే మూడు సీట్లూ కలిసి దొరికేవి. ముందు సీట్ల కోసం కొట్టుకునే వాళ్ళకే తిప్పలన్నీ. ఇప్పుడు వాళ్ళూ మానేశారులే, 2026 జనవరి 27 నుంచి అక్కడా సీటు నంబర్ వచ్చేసింది. మన దగ్గర ఇప్పుడు జరిగేది వేరు, నంబర్ ఉంటుంది గానీ డబ్బు కట్టకపోతే అది ఏదో చెకిన్ చేసి బోర్డింగ్ పాస్ తీసుకునేదాకా మనకి తెలీదు. అయినా వెనక సీట్ల సంగతి ఇక్కడా పనికొస్తుంది. ముందు వరసలకి రేటెక్కువ, వెనక్కి పోయేకొద్దీ తగ్గుతుంది, ఫ్రీగా ఇచ్చేవి కూడా ఎక్కువగా వెనకవైపు మధ్య సీట్లే.

ఇప్పుడు పని సంగతి. ఆరు టికెట్లూ ఒకే పీఎన్‌ఆర్‌లో ఉన్నాయా? మీ అత్తమామల టికెట్లు మీ మరిది వేరే తీశాడని మీ అమ్మ ఏదో అన్నట్టు గుర్తు. అలా అయితే కంప్యూటర్‌కి మీరంతా ఒక ఇంటి వాళ్ళని తెలీదు, ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన దానికి అర్థం కాదు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి రెండు బుకింగ్‌లూ కలిపి వెళ్తున్నాయని రాయించు, కనీసం కౌంటర్లో చెప్పడానికి ఒక ఆధారం ఉంటుంది. పిల్లలు మాత్రం మీ ఇద్దరిలో ఒకరితో ఒకే పీఎన్‌ఆర్‌లో ఉండి తీరాలి. ఎందుకంటే 2024 ఏప్రిల్‌లో, విమానాల మీద అజమాయిషీ చేసే డీజీసీఏ ఎయిర్‌లైన్స్‌కి ఒక ఆర్డర్ వేసింది, 12 ఏళ్ళ లోపు పిల్లలకి అదే పీఎన్‌ఆర్‌లో వెళ్తున్న తల్లిదండ్రుల్లో గానీ గార్డియన్లలో గానీ కనీసం ఒకరి పక్కన సీటివ్వాలి, దానికి రికార్డు కూడా పెట్టాలి అని. కాబట్టి పిల్లల్ని విడగొడతారేమో అన్న భయంతో ఆరు సీట్లకీ డబ్బులు కట్టేయకు. కానీ ఆ మాట సరిగ్గా చూడు, కనీసం ఒకరు అన్నారు. అంటే పిల్లలిద్దరినీ నీకే అంటగట్టి నిన్ను మధ్యలో కూర్చోబెట్టి మీ ఆయన్ని ఎక్కడో కిటికీ పక్కన హాయిగా ఇయర్‌ఫోన్స్‌తో కూర్చోబెట్టినా రూల్ ప్రకారం కరెక్టే. మగవాళ్ళు దీనికి అభ్యంతరం చెప్పగా నేనైతే చూడలేదు.

పెద్దవాళ్ళకి ఆ రూల్ లేదు. అందుకని డబ్బు కట్టాల్సి వస్తే మీ అత్తగారికీ మామగారికీ కట్టు, రెండు సీట్లకే. ఆవిడకి మోకాళ్ళు, పైగా షుగర్, నాలుగు సార్లు లేవాలి, కాబట్టి నడవా వైపు సీటు, బాత్రూమ్‌కి మరీ ఆనుకుని కాకుండా రెండు మూడు వరసలు ముందు, వెనక వరసలైతే రేటూ తక్కువ. చిట్టచివరి వరస మాత్రం వద్దు, చాలా విమానాల్లో అది వెనక్కి వాలదు, బాత్రూమ్ క్యూ మొత్తం మన భుజం మీదే నిలబడుతుంది. కాళ్ళు చాపుకోవచ్చు కదా అని ఎమర్జెన్సీ తలుపు దగ్గర సీటు పొరపాటున కూడా నొక్కకు, పిల్లల్నీ పెద్దవాళ్ళనీ అక్కడ కూర్చోనివ్వరు, ఎక్కాక లేపి ఇంకెక్కడో పడేస్తారు. మొదటి వరస కూడా నీకొద్దు, ముందు సీటు ఉండదు కాబట్టి కింద బ్యాగ్ పెట్టుకునే చోటుండదు, ఎగిరేటప్పుడు అంతా పైన పెట్టేయమంటారు, సరిగ్గా అప్పుడే చిన్నోడికి నీళ్ళు కావాలి.

వెబ్ చెకిన్ మామూలుగా 48 గంటల ముందు ఓపెన్ అవుతుంది, మీ టికెట్లో టైమ్ చూసి అలారం పెట్టుకో, మీ ఆయన ఫోన్లో కాదు నీ ఫోన్లో. అందరికీ ఒకేసారి చెయ్యి. సీట్ల బొమ్మ వస్తుంది, అన్నిటి మీదా రేటు మెరుస్తూ ఉంటుంది, కట్టకుండా ముందుకెళ్ళే దారి ఎక్కడో కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది, ఓపిగ్గా వెతుక్కో. ఎయిర్‌బస్‌లో అటు ఏ బీ సీ, మధ్యలో దారి, ఇటు డీ ఈ ఎఫ్. సీ, డీ రెండూ దారికి చెరోవైపు, మనకి దగ్గరే, బిస్కెట్ ప్యాకెట్ చెయ్యి చాపి అందించుకోవచ్చు, కాబట్టి నలుగురికి ఏ బీ సీ డీ దొరికితే అంతకంటే ఏం కావాలి. అది కుదరకపోతే ఒకరి వెనక ఒకరుగా చూడు. ఇది ఎవరూ చెప్పరు గానీ పక్క సీటు కంటే ముందు సీటు ముఖ్యం బుజ్జీ. మూడేళ్ళోడి కాళ్ళు సరిగ్గా ముందు సీటు వీపుకి తగులుతాయి, రెండున్నర గంటలు వాడు తంతూనే ఉంటాడు, ఆ ముందు సీట్లో వాళ్ళ నాన్నో తాతగారో ఉంటే ఆ తన్నులు ఇంట్లోనే సర్దుకుంటాయి, పరాయివాడైతే దారంతా నువ్వు సారీ చెప్పుకుంటూ కూర్చోవాలి.

బ్యాగులు సర్దడం కూడా జతల లెక్కనే. సామాన్యంగా మనమేం చేస్తాం, తినేవన్నీ ఒక సంచి, మందులన్నీ ఒక సంచి, బట్టలన్నీ ఒకటి. ఇంట్లో బావుంటుంది అది. తీరా అత్తగారు ఇరవయ్యో వరసలో, ఆవిడ షుగర్ మాత్రలు నీ నెత్తి మీద డబ్బాలో ఆరో వరసలో, సీట్ బెల్ట్ లైటు వెలుగుతోంది, అప్పుడు తెలుస్తుంది. జతకో చిన్న సంచి పెట్టు. అత్తగారి దాంట్లో మాత్రలు, కళ్ళజోడు, శాలువా, పల్చటి డబ్బాలో పులిహోర, ప్రింట్ తీసిన బోర్డింగ్ పాస్, ఆధార్. పాప సంచిలో రంగు పెన్సిళ్ళు, ఒక డ్రెస్, బిస్కెట్లు. చిన్నోడి దాంట్లో తడి టిష్యూలు, రెండు డ్రెస్సులు, డైపర్, సీసా. చప్పరించే బిళ్ళలు వాడికి వద్దు గొంతులో పడతాయి, దిగేటప్పుడు చెవులు నొప్పెడితే గుక్కగుక్కగా నీళ్ళు తాగించు, ల్యాండింగ్‌కి అరగంట ముందు నుంచే కిందికి దిగడం మొదలవుతుంది కాబట్టి అప్పటికి వాణ్ణి నిద్ర లేపి ఉంచు. పవర్ బ్యాంకులు చేతి సంచిలోనే, లగేజీలో పెట్టకూడదు. ఆవకాయ సీసా లగేజీలో. ఎండుకొబ్బరి చిప్పలు లగేజీలో కూడా ఒప్పుకోరు, కాశీలో ఏం పూజ చేయించినా కొబ్బరికాయలు అక్కడే దొరుకుతాయని అత్తగారికి ముందే చెప్పు.

అత్తగారికి వీల్‌చెయిర్ అడిగెయ్, సిగ్గు పడితే నేను మాట్లాడతా ఆవిడతో. టికెట్లో ముందే పెట్టించు. వాళ్ళని ముందు ఎక్కిస్తారు, దింపడం మాత్రం అందరి తర్వాత, కాబట్టి అక్కడ దిగాక మామగారు ఆవిడతోనే ఉండాలి, మీ నలుగురూ బ్యాగులు వచ్చే బెల్టు దగ్గరికి పోయి ఉండండి, అందరూ విమానంలోనే ఆగితే ఏం లాభం. సెక్యూరిటీలో ఆడవాళ్ళ లైను వేరు, మగవాళ్ళ లైను వేరు, అక్కడికి వచ్చాక నీ పాస్ ఆయన దగ్గర, పాప పాస్ నీ దగ్గర అని వెతుక్కోకండి, పాప నీతో వస్తే దాని పాస్ నీ దగ్గరే.

ఇక ఎయిర్‌పోర్టుకి టైమ్. మారతహళ్ళి నుంచి దేవనహళ్ళి, హెబ్బాళ దాటేదాకా ఏం చెప్పలేం, గూగుల్ మ్యాప్ చెప్పిన దానికి గంట కలుపుకో. టెర్మినల్ ఒకటా రెండా టికెట్లో చూసి డ్రైవర్‌కి ముందే చెప్పు. డొమెస్టిక్ కౌంటర్ మామూలుగా గంట ముందు మూసేస్తారు, కానీ నువ్వు రెండున్నర గంటల ముందే కౌంటర్ దగ్గర ఉండు, ఎందుకంటే వెబ్ చెకిన్‌లో జతలు విడిపోయి వచ్చినా అక్కడ సరిచేయించుకోవచ్చు, జనం వచ్చేకొద్దీ ఆ అమ్మాయి చేతిలో కూడా సీట్లు ఉండవు. ఆరూ ఒకచోట కావాలి మేడమ్ అని అడిగితే లేవు అంటుంది. ఈ ఇద్దరినీ కలపండి చాలు అంటే ఏదో ఒకటి చూస్తుంది. పెద్ద మాట అడిగి చిన్నది పుచ్చుకునే బేరం చిక్‌పేటలో నడుస్తుంది గానీ ఇక్కడ నడవదు.

పిల్లలున్న వాళ్ళు రండి అని పిలిస్తే వెంటనే లేవండి, మనకెందుకులే అని కూర్చోకండి. ఒక్కోసారి బస్సెక్కిస్తారు, బస్సులో ముందెక్కిన వాళ్ళు లోపలికి పోయి చివర దిగుతారు కాబట్టి తలుపు పక్కనే నిలబడు. వెనక మెట్లు కూడా పెడితే వెనక వరసల వాళ్ళు అటే వెళ్ళండి, ముందు నుంచి ఎక్కి ఇరవై వరసల జనాన్ని తోసుకుంటూ పిల్లల్ని లాక్కెళ్ళడం ఎందుకు.

అప్పటికీ ఒక జత విడిపోతే ఎవరినో అడగాలి, తప్పదు. అడగడానికి ఒక పద్ధతుంది. వాళ్ళ సీట్లో నువ్వు కూర్చుని, వచ్చాక లేచి కొంచెం అటు వెళ్తారా అనకూడదు, చాలామంది అదే చేస్తారు, నాకు ఒళ్ళు మండుతుంది. ఆ సీటుకి వాళ్ళు డబ్బు కట్టి ఉండొచ్చు. నిలబడి అడుగు, మనం ఇచ్చే సీటు వాళ్ళ దానికంటే మంచిదో కనీసం అలాంటిదో అయ్యుండాలి, కిటికీ తీసుకుని మధ్య సీటిస్తాం అంటే ఎవరొస్తారు. అందుకే మీ ఆయనకి నడవా సీటు వస్తే దాన్ని జాగ్రత్తగా దాచుకో, మార్చుకోడానికి అదే మన పెట్టుబడి. ఒంటరిగా వచ్చిన వాళ్ళని అడుగు, జంటగా కూర్చున్న వాళ్ళ జోలికి పోకు. కాదంటే సరేనండీ అని వచ్చేసి ఎయిర్‌హోస్టెస్‌కి చెప్పు, ఎక్కడం పూర్తయ్యాక ఖాళీలు తెలిసేది వాళ్ళకే. చిన్న ఏటీఆర్ విమానమైతే బరువు బ్యాలెన్స్ చూస్తారు కాబట్టి వాళ్ళని అడక్కుండా మారొద్దు. చిన్నోణ్ణి ఏడిపించి జాలి పుట్టించే పని మాత్రం చెయ్యకు, వాడు ఒకసారి మొదలుపెడితే మనం ఆపలేం.

వచ్చేటప్పుడు ఇదంతా మళ్ళీ చెయ్యాలి, అప్పటికి అందరూ అలిసిపోయి ఉంటారు, చెకిన్ టైమ్‌కి నువ్వు ఘాట్‌లో ఉంటావు, కాబట్టి రిటర్న్ చెకిన్ నాకు వదిలెయ్, ఇక్కడ కూర్చుని చేసేస్తా. కాశీ ఎయిర్‌పోర్టు ఊళ్ళో కాదు బాబత్‌పూర్‌లో ఉంది, పాతిక కిలోమీటర్లు, ఆ ట్రాఫిక్ కూడా లెక్కేసుకుని బాగా ముందే బయల్దేరండి. డిసెంబర్ జనవరి అయితే పొగమంచుకి ఫ్లైట్ లేటవుతుంది, ఒక్కోసారి విమానమే మార్చేస్తారు, అప్పుడు డబ్బు కట్టిన సీట్లు కూడా మారిపోతాయి, గేటు దగ్గర ఇంకోసారి చూసుకోండి. గంగ చెంబులు సీలు వేయించి లగేజీలో పెట్టు, నాకొకటి.

రెండు టికెట్ల పీడీఎఫ్‌లూ ఇప్పుడే వాట్సాప్ చెయ్యి, పీఎన్‌ఆర్ చూసి రాత్రికి ఫోన్ చేస్తా.

మీ పెద్దమ్మ