తంగేడు నాటే ముందు

బిడ్డా,

శామీర్‌పేట జాగాలో బండ పగలగొట్టించి, నల్లమట్టి పోయించి తంగేడు పెడతానన్నావు. తంగేడు అన్నందుకు ఎంత సంతోషపడ్డానో, ఆ మట్టి మాటకు అంత కంగారుపడ్డాను. జేసీబీని రానివ్వకు. బండ ఎట్లా ఉందో అట్లాగే ఉండనీ.

హైదరాబాదు గుట్టలు సుమారు 250 కోట్ల ఏళ్ళనాటి గ్రానైటు. ఆ రాయి అరిగి రాలిన మొరమే తంగేడుకు పుట్టిల్లు. మన దగ్గర ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడితే, ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే కురిసిపోతుంది. మిగతా నెలలు ఎండకు తట్టుకోవాలంటే వేరు లోతుకు పోవాలి. మొరంలో నీళ్ళు నిలవవు కనుక అది తడి వెతుక్కుంటూ రాతి సందుల్లోకి దిగుతుంది. నల్లమట్టిలో వానాకాలం నీళ్ళు నిలిచాయా, వేరు కుళ్ళిపోతుంది.

గుట్ట మీది మొక్కను తవ్వి తేవద్దు. తల్లివేరు తెగితే బతకడం కష్టం. గింజతోనే మొదలుపెట్టు. కాయ పల్చగా, బల్లపరుపుగా ఉంటుంది. ఎండి గోధుమరంగుకు తిరిగాక వేళ్ళ మధ్య పట్టుకుంటే గరగరలాడుతుంది, లోపలి గింజలు ఉబ్బెత్తుగా చేతికి తగులుతాయి. అప్పుడు కోయాలి. గింజ పెంకు చాలా గట్టిది. నీళ్ళు మరిగించి, పొయ్యి మీంచి దించాక గింజలు అందులో వేసి రాత్రంతా వదిలెయ్యి. తెల్లారేసరికి ఉబ్బినవి విత్తుకో, ఉబ్బనివాటిని సాండ్‌పేపరు మీద కాస్త రుద్ది మళ్ళీ నానబెట్టు.

మృగశిర కార్తెలో మిరుగు వానలు పడ్డాక, రోజంతా ఎండ తగిలే చోట, ఆరేసి అడుగుల ఎడంతో పెట్టు. మొదటి ఎండాకాలం వారానికోసారి లోతుగా తడిసేటట్టు నీళ్ళు పొయ్యి. రోజూ చెంబెడు పోస్తే వేరు పైపైనే తిరుగుతుంది. ఎరువు అసలే వద్దు.

పూత వచ్చాక ఒక పొద్దున పొద దగ్గర నిలబడి చూడు. తంగేడు పువ్వులో తేనె ఉండదు. తుమ్మెద వచ్చేది పుప్పొడి కోసమే. పువ్వును పట్టుకుని జుమ్మని ఒళ్ళంతా అదురుస్తుంది. ఆ అదురుకు కేసరాల కొసల్లోని చిన్న రంధ్రాల్లోంచి పుప్పొడి రాలుతుంది. అది చూశాక మందు కొట్టడానికి నీకే చెయ్యి రాదు. ఆకుల మీద పచ్చని పురుగులు కనబడితే వాటి జోలికీ పోవద్దు, లేత పసుపు సీతాకోకచిలుకలయ్యేవి అవే.

2014లో తంగేడును రాష్ట్ర పుష్పం చేసుకున్నాం. అది పెరిగే గుట్టలను ప్లాట్లు చేసి, బతుకమ్మకు బజారులో కట్టలు కొంటున్నాం. నాకు చాలా బాధగా ఉంటుంది. అందుకే నీ జాగాలో ఆ బండ నిలవాలని ఇంత గట్టిగా చెబుతున్నా.

మొదటి బతుకమ్మకే పూయలేదని దిగులుపడకు. పూసిన ఏడాది కొమ్మలు విరవకుండా కత్తెరతో కొసలు మాత్రం కోసుకో, కొన్ని గుత్తులు కాయకు వదిలెయ్యి. ఈసారికి కావలసిన కాయలు నేను ఎండబెట్టి సంచిలో కట్టి పెట్టాను. మిరుగుకు ముందే ఒక ఆదివారం వచ్చి తీసుకుపో.

మీ పెద్దమ్మ