ఆరుగురు అంటే పిల్లలతో కలిపి ఆరుగురే

ప్రశ్న: మేము రెండు ఫ్యామిలీలు కలిసి సెలవులకి ఫ్లోరిడా కీస్ వెళ్తున్నాం. పెద్దవాళ్ళం ఆరుగురం, పిల్లలు ముగ్గురు, అందులో చిన్నోడికి రెండేళ్ళు. చేపలు పట్టడానికి ఒక ఛార్టర్ బోటు, అంటే కెప్టెన్‌తో సహా అద్దెకిచ్చే బోటు మాట్లాడుకున్నాం. ఆరుగురికే పర్మిషన్ ఉంది కానీ పిల్లలు లెక్కలోకి రారులెండి అని కెప్టెన్ ముందు చెప్పాడు. మా వదిన గట్టిగా అడిగేసరికి "అయితే బేర్‌బోట్ అగ్రిమెంట్ పంపిస్తా, సంతకం పెట్టండి, పన్నెండు మంది దాకా ఎక్కొచ్చు" అంటున్నాడు. సంతకం పెట్టొచ్చా? (ఒక పాఠకుడు, పేరు రాయొద్దన్నారు)

జవాబు: పెట్టొద్దండి. అసలు ఆ బోటే వద్దు, ఇంకోటి చూసుకోండి. మీ వదినగారు అడిగి మంచి పని చేశారు.

ముందు ఆ ఆరు లెక్క సంగతి చూద్దాం. అమెరికాలో డబ్బు తీసుకుని మనుషుల్ని ఎక్కించుకునే చిన్న బోట్లని కోస్ట్ గార్డ్ రెండు రకాలుగా చూస్తుంది. ఆరుగురు దాకా ఎక్కించుకునేవి ఒక రకం, వీటినే రేవుల్లో సిక్స్ ప్యాక్ అంటారు, కెప్టెన్‌కి లైసెన్స్ ఉండాలి కానీ కోస్ట్ గార్డ్ వాళ్ళు వచ్చి బోటుని తనిఖీ చేసి సర్టిఫికెట్ ఇవ్వాలన్న రూల్ లేదు. ఆరుగురు దాటితే మాత్రం తనిఖీ తప్పనిసరి, సర్టిఫికెట్ లేకుండా బయలుదేరకూడదు. ఈ లెక్కలో వయసుతో పనిలేదు, చంకలో పిల్లాడైనా ఒక ప్యాసింజరే. మీరు తొమ్మిది మంది, అంటే ఆ బోటుకి ముగ్గురు ఎక్కువ.

ఈ రూల్ ఊరికే రాలేదు. 1951 సెప్టెంబర్ 1న న్యూయార్క్ దగ్గర మాంటాక్ నుంచి పెలికన్ అని ఒక ఫిషింగ్ బోటు బయలుదేరింది. 42 అడుగుల బోటు, లోపల 64 మంది. తిరిగొచ్చేటప్పుడు గాలి ముదిరింది, ఇంజిన్ ఇబ్బంది పెట్టింది, పెద్ద కెరటాలకి బోటు తిరగబడిపోయింది, కెప్టెన్‌తో కలిపి 45 మంది చనిపోయారు. ఇంతమందినే ఎక్కించాలి అని ఆ సైజు బోటుకి అప్పట్లో చెప్పేవాళ్ళే లేరు. ఆ తర్వాతే 1956లో ఆరుగురికి మించి ఎక్కించుకునే బోట్లకి తనిఖీ ఉండాలని చట్టం చేశారు. కాబట్టి "పిల్లలేగా, ఏమవుతుంది" అనే కెప్టెన్‌ని చూస్తే నాకు నిజంగా కోపమొస్తుంది.

ఇంక బేర్‌బోట్ కాగితం. ఇది ఇంకా ప్రమాదం, ఎందుకంటే చూడ్డానికి పద్ధతిగా కనిపిస్తుంది. బేర్‌బోట్ అంటే ఖాళీ బోటు మీ చేతికి ఇచ్చేయడం, కెప్టెన్‌ని మీరే ఎంచుకోవాలి, నచ్చకపోతే తీసేసే హక్కు మీకుండాలి, ఆ ట్రిప్ వరకు ఓనర్ మీరే అన్నట్టు. నిజంగా అలా ఇస్తే పన్నెండు మంది దాకా చట్టం ఒప్పుకుంటుంది. మీ కేసులో బోటు ఆయనదే, నడిపేదీ ఆయనే, గేలాలూ ఎరా ఆయనవే, మీరు టికెట్ కొనుక్కున్నట్టు డబ్బు ఇస్తున్నారంతే. కాగితం మీద బేర్‌బోట్ అని రాసినంత మాత్రాన అది బేర్‌బోట్ అయిపోదు, ఇలాంటివాటిని కోస్ట్ గార్డ్ అక్రమ ఛార్టర్ కింద పట్టుకుని మధ్యలోనే ఒడ్డుకి తిప్పి పంపించేస్తుంది. మీరు ఆలోచించాల్సింది ఇంకోటుంది. ఆ సంతకంతో ఓనర్ బాధ్యత మీ నెత్తిన పడుతుంది, రేపు ఎవరికైనా దెబ్బ తగిలితే "ఆ రోజు బోటు వాళ్ళదే" అని ఆయన మీ కాగితమే చూపిస్తాడు, అక్రమ ట్రిప్ అని తేలితే ఇన్సూరెన్స్ వాళ్ళు తప్పుకునే అవకాశమూ ఉంది.

మరి ఏం చేయాలంటే, రెండు సిక్స్ ప్యాక్ బోట్లు తీసుకుని విడిపోండి, లేదంటే తనిఖీ అయిన పెద్ద బోటు చూసుకోండి. తనిఖీ అయిన బోటులో సర్టిఫికెట్ ఆఫ్ ఇన్‌స్పెక్షన్ అని ప్యాసింజర్లకి కనపడేలా పెట్టి ఉంటుంది, సిగ్గుపడకుండా దగ్గరికెళ్ళి చదవండి. ఎంతమంది ఎక్కొచ్చు, సిబ్బంది ఎంతమంది ఉండాలి, ఒడ్డు నుంచి ఎంత దూరం పోవచ్చు అన్నీ అందులోనే ఉంటాయి. మనుషుల సంఖ్య తేల్చేటప్పుడు బరువు కూడా లెక్క చూస్తారు, ఒకప్పుడు మనిషికి 160 పౌండ్లు అనుకునేవాళ్ళు, 2004లో బాల్టిమోర్‌లో ఒక వాటర్ టాక్సీ, 2005లో లేక్ జార్జ్‌లో ఈథన్ అలెన్ అనే టూర్ బోటు తిరగబడ్డాక, 2011 నుంచి దాన్ని 185 చేశారు. ఫిషింగ్ బోటులో ఇది మరీ ముఖ్యం, ఒకరికి పెద్ద చేప పడిందంటే అందరూ ఫోన్లు పట్టుకుని ఆ పక్కకే ఎగబడతారు, బరువంతా ఒకేవైపు.

బయలుదేరే ముందు లైఫ్ జాకెట్లు ఎక్కడున్నాయి, ఎలా వేసుకోవాలి అని కెప్టెన్ చెప్పి తీరాలి, అది సిక్స్ ప్యాక్ బోటుకైనా రూలే. చెప్పకపోతే అడగండి. మీ చిన్నోడి సైజు జాకెట్ ఉందా అని బుకింగ్ అప్పుడే అడిగి, రేవులో తొడిగి చూడండి, పెద్దవాళ్ళది వేస్తే పిల్లాడు కిందనుంచి జారిపోతాడు.

ప్రశ్న: ఆరెగాన్‌లో ఫిషింగ్‌కి వెళ్తే, సముద్రంలోకి దాటేదాకా అందరూ జాకెట్ వేసుకోవాల్సిందే అని కెప్టెన్ పట్టుబట్టాడు. మా మామయ్యగారికి ఊపిరాడక ఇబ్బంది పడ్డారు. అంత అవసరమా? (ఒక పాఠకురాలు, పోర్ట్‌లాండ్)

జవాబు: అవసరమేనండి, ఆ కెప్టెన్‌ని తప్పుపట్టకండి. అక్కడ నది సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసుక మేట వేసి లోతు తగ్గిపోతుంది, బయట మామూలుగా కనపడే కెరటం అక్కడికొచ్చేసరికి నిలువుగా లేచి విరుగుతుంది. 2003 జూన్ 14న టిల్లమూక్ బే మొగ దాటుతూ టాకీ-టూ అనే ఛార్టర్ బోటు అలాగే తిరగబడింది, 19 మందిలో 11 మంది చనిపోయారు. బోటులో జాకెట్లు ఉన్నాయి, చాలామంది ఒంటి మీద మాత్రం లేవు. తిరగబడ్డాక వెతుక్కుని తొడుక్కునే టైమ్ ఎవరికుంటుంది చెప్పండి. అందుకే ఆరెగాన్, వాషింగ్టన్ తీరాల్లో మొగ రఫ్‌గా ఉన్నప్పుడు దాటాలంటే ప్యాసింజర్లు జాకెట్ వేసుకునే ఉండాలని తర్వాత రూల్ పెట్టారు. మరీ బాగోకపోతే కోస్ట్ గార్డ్ మొగని మూసేస్తుంది కూడా, అంటే బోట్లని దాటనివ్వదు.

మామయ్యగారి విషయం కెప్టెన్‌కి ముందే చెప్పండి, పట్టీలు సరిచేసి లేదా వేరే సైజు ఇచ్చి చూస్తారు. ఊపిరి సమస్య ముందునుంచీ ఉంటే డాక్టర్‌ని అడిగాకే ఆయన్ని తీసుకెళ్ళండి.