ఊరి సమస్య మీద వీడియో తీస్తే ఏమైనా ఒరుగుతుందా? నా అనుభవం ఇది

"మా ఊరి సమస్య మీద ఫోన్‌తో వీడియో తీసి పెడదామనుకుంటున్నా, దానివల్ల ఏమైనా ఒరుగుతుందా?" అని అడిగారు. ఒరుగుతుంది. కానీ నేను మొదటిసారి తీసినట్టు మాత్రం తీయకండి.

మాది నారాయణఖేడ్ వైపు పల్లె. ఒక ఎండాకాలం మా కింది వాడకు నల్లా నీళ్ళు ఆగిపోయాయి. పక్కింటి అవ్వ పొలం బోరు దగ్గర్నుంచి బిందె నెత్తిన పెట్టుకుని వస్తుంటే వెనకాలే నడుస్తూ తీశా. పగిలిన మడమల క్లోజప్, ఏడుపు మ్యూజిక్, పైన నా గొంతు. అవ్వ మాట ఒక్కటి లేదు. బాగానే షేర్ అయింది. మూడో రోజు పట్నంలో పనిచేసే అవ్వ కొడుకు ఫోన్: "ముసలి తల్లితోని నీళ్ళు మోయిస్తున్నవా అని అందరు అడుగుతున్నరు. నన్నెందుకు బజార్ల పడేసినవ్?" నిజమే, కామెంట్లన్నీ కొడుకును తిట్టినవే. నల్లా సంగతి ఒక్కరూ ఎత్తలేదు. వీడియో తీసేసి వెళ్ళి అవ్వతో చెప్పుకున్నా. "తీసేముందు అడగవద్దా బిడ్డా? గా చినిగిన చీరెల తీస్తవా?" అంది.

మాకు దగ్గర్లోనే, జహీరాబాద్ ప్రాంతంలో, ఈ పని ఎప్పుడో చేసిన ఆడవాళ్ళున్నారు. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ ఊళ్ళలో పెట్టించిన సంఘాల్లోని దళిత మహిళలు కెమెరా నేర్చుకుని విత్తనాల మీద, బీటీ పత్తి మీద సినిమాలు తీశారు. మాచునూరులో 2008 అక్టోబర్ 15న మొదలైన సంఘం రేడియో అనే కమ్యూనిటీ రేడియోను నడిపిందీ వాళ్ళే. షాట్లకు వాళ్ళు పెట్టుకున్న పేర్లు నాకు భలే నచ్చుతాయి. ఊరి దొర చూసినట్టు పైనుంచి కిందికి చూపిస్తే పటేల్ షాట్. సంఘంలో అందరూ ఒకే చాప మీద కూర్చున్నట్టు కంటి ఎత్తులో తీస్తే సంఘం షాట్. అవ్వ మీద నేను తీసిందంతా పటేల్ షాటే.

రెండోసారి ఫోన్ నేను పట్టుకోలేదు. ఇంటర్ చదివే అమ్మాయి పట్టింది, ఏం తీయాలో వాడలోని ఆడవాళ్ళు చెప్పారు. పదకొండు రోజులు, పొద్దున ఆరింటికి, అదే నల్లా, పక్కన తేదీ కనిపించేలా క్యాలెండర్. అంతే. మధ్యమధ్య ఎవరి మాట వాళ్ళది. మొత్తం రెండున్నర నిమిషాలు. ముందు వాళ్ళకే చూపించాం. ఇద్దరు తమ ముక్క వద్దన్నారు, తీసేశాం.

తర్వాత ఎక్కడా పోస్ట్ చేయకుండా, హనుమాన్ గుడి గోడకు దుప్పటి కట్టి ఊరివాళ్ళకే వేసి చూపించాం. సగంలోనే పై వాడ ఆయన లేచి, "మాకు పొద్దంత వస్తున్నయ్ గదా!" అన్నాడు. అప్పుడు వాటర్‌మన్ నోరు విప్పాడు: వాల్వు తుప్పు పట్టి మూసుకోవడం లేదు, నీళ్ళన్నీ పైనే అయిపోతున్నాయి, రెండుసార్లు చెప్పినా ఎవరూ రాసుకోలేదు. నా మొదటి వీడియోలోనేమో మోటారు కాలిపోయిందని తీర్పు చెప్పేశా! తేదీలతో ఉన్న ఆ వీడియో, కింద సంతకాలతో ఒక దరఖాస్తు పంచాయతీలో ఇచ్చాం. రెండు వారాల్లో కొత్త వాల్వు పడింది. చివరి రెండిళ్ళకు మే నెలలో ఇప్పటికీ సన్న ధారే, అది వేరే గొడవ.

కాబట్టి తీయకముందే, ఇది ఎవరు చూస్తే పని అవుతుందో తేల్చుకోండి. మాకైతే వాళ్ళు పట్టుమని రెండు వందల మంది, వ్యూస్‌తో పనే పడలేదు. పిల్లల మొహాలు మాత్రం అసలు చూపించకండి.

ఇంకోటి, ఎడిటింగ్ యాప్ గురించి టెన్షన్ పడకండి, ఫోన్‌లో ఉన్నదే చాలు. మాట వినపడాలి, అదీ ముఖ్యం. మా మొదటి మూడు రోజుల క్లిప్పుల్లో వెనకాల గిర్ని చప్పుడు తప్ప ఏమీ లేదు. గిర్ని ఆయన్ని బతిమాలి ఆ పది నిమిషాలు ఆపించుకోవాల్సి వచ్చింది.